యజమాని కాళ్ళ కొలత

ఆఫీసు కుర్చీల డిజైనరుగా ఆయన ఇరవై ఎనిమిదేళ్ళు పనిచేశాడు. డ్రాయింగు బల్ల ఎత్తు కావడంతో ఆ ఇరవై ఎనిమిదేళ్ళూ నిలబడే పనిచేశాడు.

కంపెనీలో కుర్చీ పాసు కావడానికి ఒకటే పరీక్ష. నమూనా తయారయ్యాక యజమాని వచ్చి కూర్చుంటారు. రెండుసార్లు వెనక్కి వాలి, ఒకసారి గుండ్రంగా తిరిగి "బాగుందయ్యా" అంటారు. అంతే, దేశంలోని నడుములన్నిటికీ బాగున్నట్టే. యజమాని ఆరడుగుల రెండంగుళాల మనిషి. పొట్టివాళ్ళు ఆఫీసుల్లో పనిచెయ్యరని కంపెనీ నమ్మకం.

డిజైనరు భార్య అయిదడుగులకు అంగుళం తక్కువ. బీమా ఆఫీసులో గుమాస్తా. కూర్చునేది భర్త గీసిన కుర్చీలోనే. మీట నొక్కి ఎంత దించినా పాదాలు నేలకు అందవు. అందుకని పాత తువ్వాలు చుట్టిన ఇటుక ఒకటి కాళ్ళ కింద పెట్టుకునేది.

"మీ ఆయన చేసిన కుర్చీయేనటగా?" అని పక్క సీటావిడ ఆరా తీస్తే, "కుర్చీ ఆయనది, ఇటుక నాది" అంది.

ఆ మాట ఇంటిదాకా వచ్చి ఆయనకు ముల్లులా గుచ్చుకుంది. రిటైరయ్యేలోగా ఆ ఇటుక తీయించి తీరాలని పంతం పట్టాడు.

"కుర్చీ ఎత్తు మూడంగుళాలు తగ్గిద్దామండీ" అని యజమానిని అడిగి చూశాడు.

"నా మోకాళ్ళు గడ్డానికి తగలాలనా? మనం చేసేది బడిపిల్లలకేమిటయ్యా?"

దాంతో జీవితంలో మొదటిసారి దొంగపని చేశాడు. యజమాని కూర్చునే నమూనాకు సీటు కింద పొడుగు గొట్టం బిగించి, ఫ్యాక్టరీకి వెళ్ళే కాగితంలో మూడంగుళాలు తగ్గించి రాశాడు. యజమాని వాలారు, తిరిగారు. "ఇదీ కుర్చీ అంటే!" అన్నారు. డిజైనరు వీడ్కోలు సభలో ఆయన నిజాయితీని ప్రత్యేకంగా మెచ్చుకున్నారు.

రెండు నెలలకు బీమా ఆఫీసుకు కొత్త కుర్చీలు వచ్చాయి. ఆ సాయంత్రం ఆయన గుమ్మంలోనే కాపు కాశాడు. భార్య వస్తూనే సంచిలోంచి ఇటుక తీసి ఆయన చేతిలో పెట్టింది.

"అందాయా?"

"భేషుగ్గా అందాయి."

ఆయన కళ్ళు చెమర్చడానికి సిద్ధమయ్యాయి.

"టేబులే చంకల దాకా వచ్చింది. రోజంతా బావిలోంచి తొంగిచూసినట్టు ఫైళ్ళు చూశాను."

ఆయన ఇటుకను అటూ ఇటూ తిప్పి చూశాడు. కంపెనీలో టేబుళ్ళ విభాగం గోడకు అవతలే ఉండేది. ఇరవై ఎనిమిదేళ్ళలో ఒక్కసారీ ఆ తలుపు తట్టలేదు.

"టేబుళ్ళు మా సెక్షను కాదే" అన్నాడు.

"అయితే ఇటివ్వండి. రేపు మీట లాగి కుర్చీ పైకెత్తుకుంటాను. కాళ్ళ కిందికి ఇది కావాలిగా" అని ఇటుకను మళ్ళీ సంచిలో వేసుకుంది.