నీళ్ళ ట్యూబులో గీత

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో నేను బందరులో ఒక చిన్న రొయ్యల పరీక్షా కేంద్రంలో పనిచేసేదాన్ని. రొయ్యపిల్లల్లో తెల్లమచ్చల వైరస్ ఉందో లేదో చూడటమే మా పని. ఆ వైరస్ డీఎన్‌ఏని మాత్రమే వెతికి పట్టుకునే సన్నటి తునకలుంటాయి, ప్రైమర్లంటారు. వాటిని కలిపి మెషీన్‌లో పెడితే, ఉన్న కాస్త డీఎన్‌ఏ కోట్ల రెట్లు పెరిగి, చివరికి ఊదారంగు వెలుతురులో గీతలా మెరుస్తుంది. ఒక్క అణువున్నా దొరికిపోతుందనేవారు మా మేడమ్. చేరిన కొత్తలో ఆ మాట గర్వంగా ఉండేది.

ఒకరోజు నాగాయలంక వైపు నుంచి మా మేనమామ వచ్చాడు. అప్పటికే సీడు, అంటే చెరువులో వేసే రొయ్యపిల్లలు, తెచ్చి చెరువు గట్టున తొట్టెల్లో దింపి, కొన్ని పిల్లల్ని సీసాలో పట్టుకొచ్చాడు. అదే సీడులో సగం పక్క చెరువు రైతు తీసుకుని, పరీక్షకి ఆగకుండా తన చెరువులో వదిలేశాడట.

"ఎంత హుషారుగా ఉన్నాయో చూడమ్మాయ్. వీటికేం జబ్బు?" అన్నాడు.

మధ్యాహ్నం చూస్తే మావయ్య తెచ్చిన పిల్లల్లో గీత ఉంది. నన్ను వణికించింది మాత్రం దాని పక్కది. ప్రతిసారీ ఒక ట్యూబులో ఉత్త నీళ్ళే పెడతాం. అందులో గీత రాకూడదు. వచ్చింది.

అంటే ఆ డీఎన్‌ఏ మా గదిలోనే ఉంది. నా తొడుగుల మీదా? పిపెట్ మొనలోనా? గాలిలోనా? కంటికి కనపడనిదాన్ని ఎక్కడని తుడవను? తలుపు గడియ ముట్టుకోవడానికి కూడా జంకాను.

"కలిపినవన్నీ పారేయ్. బల్ల బ్లీచింగుతో కడుగు. కొత్త ప్రైమర్లు తీద్దాం" అన్నారు మేడమ్.

బయట బెంచీ మీదున్న మావయ్య లేచాడు. "ఉందా లేదా చెప్పవే. తొట్టెల్లో పిల్లలు ఎంతోసేపు ఆగవు."

"తెలీదు మావయ్యా. మళ్ళీ చెయ్యాలి."

"మెషీను చెప్పలేదా?"

"చెప్పింది. నమ్మడానికి లేదు."

పొద్దుగూకే వేళకి రెండోసారిది వచ్చింది. నీళ్ళ ట్యూబు శుభ్రం. మావయ్య తెచ్చిన పిల్లల్లో మాత్రం సన్నగా గీత.

చెప్పగానే ఆయన ముఖం పాలిపోయింది. "వెంట్రుకంత గీత కోసం బతికున్నవాటిని చంపుకోమంటావా? పోనీ, కాలవలో వదిలేస్తా."

"వద్దు మావయ్యా! అందరి చెరువులకీ అంటుకుంటుంది. తొట్టెల్లోనే బ్లీచింగు కలిపెయ్."

ఆయన బస్సెక్కాడు. వెళ్ళి ఆ పని చేశాడనీ, అన్నం ముట్టలేదనీ అత్తయ్య ఫోన్లో చెప్పింది. ఇక నాకు నిద్ర లేదు. పక్క చెరువులో పిల్లలు చక్కగా పెరుగుతున్నాయని కబుర్లు వస్తూంటే, నేను చూసింది కూడా మా గదిలోని మురికేనేమోనని పాత ఫలితం మళ్ళీ మళ్ళీ తీసి చూసుకునేదాన్ని.

నెల తిరిగాక ఆ చెరువులో రొయ్యలు తెల్లమచ్చలు తేలి, ఎర్రబడి, ఒడ్డుకి చేరి చచ్చిపోయాయి. నా పరీక్ష తప్పు కాలేదని ఊపిరి పీల్చుకోబోయాను. ఈలోగా మావయ్య వచ్చాడు, ప్లాస్టిక్ కవర్లో తన చెరువులోకి చేరిన ఒక కాలవ పీతతో. చచ్చిన రొయ్యల్ని కాకులు ఎత్తుకెళ్ళి తన చెరువులో జారవిడుస్తున్నాయట. వాటిని తిన్న పీతలకీ వైరస్ అంటుకుంటుంది.

"దీంట్లో కూడా ఉందేమో చూడమ్మా. ఉంటే మాత్రం మెల్లగా చెప్పు."

పీతలో ఏ గీతా రాలేదు. ఆ మాటే చెప్పాను.

"ఈ ఒక్కదాంట్లో లేదు. మిగతావాటి సంగతో?" అన్నాడు.

పీత కవర్ని తీసుకెళ్ళి బ్లీచింగులో వేశాను. ఆ ఏడు ఆయన కొత్త సీడు వెయ్యకుండా చెరువు ఎండగట్టేశాడు.