పెట్టె సారు చూసిన మా నాన్న

1977 ఆగస్టు 18, గురువారం. తెల్లవారినప్పటి నుంచి ముసురు. ముందు గది మీద పగిలిన పెంకులు తీసి కొత్తవి సర్దాను.

ఆ రోజు పేజీలో నేను రాసుకున్నది ఇంతే. ఏ రోజు పని, ఏ రోజు ఖర్చు ఆ రోజు రాసిపెట్టుకోవడం తప్ప ఇంకేదీ రాసే అలవాటు నాకు లేదు. చివరి పెంకు సర్దుతుండగా పంతులమ్మ గారు తడుస్తూ వాకిట్లోకి వచ్చారు. చేతిలో గొడుగుంది, తెరవలేదు. నిచ్చెన దగ్గర నిలబడి, "ఇంక దిగండి. ఆ గదిలో ఇప్పుడు తడిసేదెవరు?" అన్నారు. పెద్ద దవాఖానలో ఉన్న ఆవిడ తండ్రి పోయారని నాకు అలా తెలిసింది.

ఆయన మణికొండలో మా ఇంటి ముందు గదిలో చాలా ఏళ్ళు కిరాయికి ఉన్నారు. కోస్తా మనిషి. వయసులో ఉన్నంతకాలం నాటక సమాజాల్లో హార్మోనియం వాయించి, కూతురికి మా ఊరి బడిలో ఉద్యోగం వస్తే ఆవిడ వెంట వచ్చారు. హార్మోనియాన్ని మా అమ్మ పెట్టె అనేది. అందుకని అమ్మకు ఆయన పెట్టె సారు, నాకు మాష్టారు. నాకంటే ఎంతో పెద్దవారైనా నన్ను మీరు అనే పిలిచేవారు. ఎందుకండీ అని అడిగితే, "ఇంటి యజమానిని నువ్వంటే కిరాయి పెంచుతారటండి" అనేవారు.

దిగిన కొత్తలోనే, మాటల మధ్య అమ్మ మా నాన్న పేరు చెప్పింది. మాష్టారు తాగుతున్న చాయ్ కింద పెట్టి లేచి నిలబడ్డారు. గోడల వంక, దూలాల వంక చూసి, "ఇది మావాడి ఇల్లా?" అన్నారు.

ఆ మాట నాకు అప్పుడే గుచ్చుకుంది. మా నాన్న ఈ ఊరికి వచ్చిన ఒక నాటక సమాజం వెంట వెళ్ళిపోయి, కోస్తా ఊళ్ళలో రాజు వేషాలు కట్టి, క్షయ జబ్బుతో తిరిగొచ్చి చనిపోయాడు. అప్పటికి నేను పసివాణ్ణి. ఇంట్లో ఆయన ఫోటో కూడా లేదు. నాకు జ్ఞాపకంగా మిగిలింది ఒక చెయ్యి, దానికి ఉన్న అర్దళం వాసన. వేషగాళ్ళు ముఖానికి పూసుకునే పసుపుపచ్చ పొడి అది. మాష్టారికేమో మనిషి మొత్తం మిగిలాడు. తెర లేచే ముందు నాన్న కలకండా మిరియమూ బుగ్గన పెట్టుకునేవాడని, కిరీటం బరువుకు తలనొప్పి వస్తే కనిపించిన వాళ్ళందరినీ తిట్టేవాడని, నవ్వు వస్తే ముందు భుజాలు కదిలేవని ఆయనకు తెలుసు. అవి చెబుతుంటే అమ్మ చేటలో బియ్యం చెరుగుతూ వినేది, నవ్వేది. నేను నానక్‌రామ్‌గూడ ద్రాక్షతోటలో గుమాస్తా పని ముగించుకుని సైకిల్ మీద వచ్చేసరికి బండల మలుపు దగ్గరకే ఆ నవ్వు వినిపించేది. నేను చెప్పిన ఏ మాటకూ అమ్మ అలా నవ్వలేదు.

అరవై తొమ్మిది తెలంగాణ గొడవల్లో ఎవరో కుర్రాళ్ళు వచ్చి ముందు గదిలో ఉన్నది ఎక్కడివాళ్ళని అడిగారు. అమ్మ గడపకు అడ్డంగా కూర్చుని, "మా మనిషే. పోయి పని సూసుకోండ్రి" అంది. వాళ్ళు వెళ్ళిపోయారు. నాకు సంతోషం కలగాలి. కలిగింది కూడా. కానీ నాన్నను అమ్మ ఎన్నడూ మా మనిషి అనలేదన్న సంగతి ఆ పూట అన్నం తింటున్నంతసేపూ గుర్తొస్తూనే ఉంది.

మాష్టారి నోటి నుంచి కాకుండా, వేరే ఎక్కడి నుంచైనా నాన్న గురించి ఒక్క మాట నాకు కావాలనిపించింది. నాది అనుకోవడానికి ఒక్క మాట. వెనకటి పత్రికల్లో నాటకాల మీద సమీక్షలు వచ్చేవని చెప్పింది మాత్రం మాష్టారే. ఆదివారాలు పట్నం వెళ్ళి గ్రంథాలయాల్లో వెతకడం మొదలుపెట్టాను. నేను బడికి వెళ్ళింది తక్కువ, వెళ్ళినదైనా ఉర్దూ బడి. తెలుగు సొంతంగా నేర్చుకున్నాను. పాతకాలం తెలుగు నాకు మెల్లగా గానీ అందేది కాదు. అయినా ఒంటరిగానే వెళ్దామనుకున్నాను. రెండో ఆదివారానికి మాష్టారు ఉతికిన చొక్కా వేసుకుని, పెరుగన్నం కట్టించుకుని వాకిట్లో సిద్ధంగా ఉన్నారు. ఏ ఊళ్ళో ఏ కాలంలో ఆడామో మీకేం తెలుస్తుందండి అన్నారు. అది నిజం కాబట్టి నాకు మరింత కష్టమనిపించింది.

సుల్తాన్‌బజార్ పాత గ్రంథాలయంలో, మూసీ ఒడ్డున ఉన్న పెద్ద గ్రంథాలయంలో ఏడాదికొక బైండు చొప్పున పత్రికలు కట్టి ఉండేవి. పేజీ తిప్పితే అంచు విరిగి ఒళ్ళో పడేది. తలనూనె ప్రకటనకూ, బలం మందు ప్రకటనకూ మధ్య ఎక్కడో సమీక్ష ఉండేది. అందులోనూ సగం తెరల గురించి, దీపాల గురించి, వచ్చిన పెద్దమనుషుల గురించి. మాష్టారు వరుస కింద వేలు పెట్టి చదివేవారు. తెలిసిన పద్యం పేరు కనిపిస్తే చాలు, కూనిరాగం మొదలయ్యేది. బైండ్లు అందించే ఆయన వచ్చి, "పెద్దసారూ, జర సప్పుడు తగ్గియ్యుండ్రి. గీడ సదువుకునెటోళ్ళున్నరు" అనేవాడు. "నేనూ చదువుతున్నానండి, శ్రుతిలో" అనేవారు మాష్టారు. ఆయన వెళ్ళాక నాలుగు పేజీలు నిశ్శబ్దంగా గడిచేవి, మళ్ళీ మామూలే.

సమీక్షలు ఎలా పుట్టేవో ఆయనే నాకు చెప్పారు. రాసేవాళ్ళు నాటకం చూసేవారు గానీ, కిరీటాలూ మీసాలూ పెట్టుకున్నాక ఎవరు ఎవరో పోల్చుకోలేక, పొద్దున పంచిన కరపత్రం దగ్గర పెట్టుకుని పేర్లు దింపేసేవారట. "పేర్లు నమ్మకండి బాబూ, పద్యాలు నమ్మండి" అనేవారు. ఆ మాటను నేను అప్పుడు పెద్దగా పట్టించుకోలేదు.

చివరికి ఒక వానాకాలం ఆదివారం మూసీ ఒడ్డు గ్రంథాలయంలో దొరికింది. దొరికింది నాకు, ఆయనకు కాదు. ఏలూరులో ఆడిన నాటకం. కింద సంతకం లేదు. రాజు పాత్రధారి అంటూ మా నాన్న పేరు, ఇంటిపేరుతో సహా. "అడవికేగు వేళ పద్యమును రాగమున సాగదీయక మాటవలె పలికిరి. సభ్యులు వన్స్‌మోరని ఎంత కేకలిడినను మరల పాడక నిష్క్రమించిరి. రాజ్యము వీడినవాడు వెనుదిరుగడు గదా."

ఆ రోజుల్లో పద్యం నచ్చితే జనం వన్స్‌మోర్ అని అరవడం, నటుడు చచ్చిపడ్డ వేషంలో ఉన్నా లేచి మళ్ళీ పాడడం మామూలు. మా నాన్న పాడలేదు. ఈ సంగతి మాష్టారు ఎన్నడూ చెప్పలేదు. బైండు ఆయన వైపు తిప్పాను. చదివారు. కళ్ళద్దాలు తీసి, కండువాతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని చదివారు. "ఎత్తి రాసుకోండి. మూసేసే వేళవుతోంది" అన్నారు, అంతే. తోలిచౌకి దాకా బస్సులో ఒక్క మాట మాట్లాడలేదు. ఇన్నేళ్ళుగా నన్ను తిన్న కుళ్ళు ఇవాళ ఆయనను పట్టుకుందనుకున్నాను. బస్సు కుదుపులు కూడా ఆ సాయంత్రం నాకు హాయిగానే ఉన్నాయి.

అమ్మకు చదివి వినిపించాను. ఇంకోసారి చదవమంది. విని, చేట పక్కన పెట్టి, "గాయన ఊకుండెటోడా? అడగకుంటనే రెండుసార్లు పాడెటోడు" అంది.

ఆ మాట నన్ను నిలవనివ్వలేదు. మర్నాడు మాష్టారు సాయంత్రం నడకకు బయల్దేరితే వెంట వెళ్ళాను. సీతాఫలం పొదల దగ్గర ఒక బండ మీద కూర్చున్నాక అడిగాను. ఆయన కండువా తీసి ఒళ్ళో పెట్టుకుని చెప్పారు.

"ఆ పూట మావాడికి గొంతు పూర్తిగా పోయిందండి. కరపత్రాలు పంచేశారు, జనం వచ్చేశారు. పద్యాలన్నీ నాకు వచ్చు కదా అని కంట్రాక్టరు కిరీటం నా నెత్తిన పెట్టేశాడు. నా పెట్టె ముందు మావాడు కూర్చున్నాడు."

తర్వాత జరిగింది ఆయన మెల్లగా చెప్పారు. తనది పెద్ద గొంతు కాదు, సాగదీసేంత దమ్ము లేదు, అందుకే పద్యం మాటలా పలికారు. హాలు ఒక్కసారిగా లేచింది. ఆయన బతుకులో ఆయన కోసం వన్స్‌మోర్ అని అరిచింది ఆ ఒక్కసారే. మళ్ళీ ఎత్తుకుందామని శ్రుతి కోసం హార్మోనియం వైపు తిరిగారు.

"మావాడు పెట్టె గాలితిత్తి మూసేశాడండి. కొక్కెం కూడా పెట్టేశాడు. నా మొహం చూడలేదు."

శ్రుతి లేకుండా పాడే ధైర్యం లేక ఆయన తెర వెనక్కి వెళ్ళిపోయారు. చూసినవాళ్ళు దాన్ని గొప్ప నటన అనుకున్నారు. నాన్న రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదట. మూడో రోజు భోజనాల బంతిలో తన విస్తట్లో ఉన్న బూరె తీసి ఈయన విస్తట్లో పడేసి, తల వంచుకుని తినడం మొదలుపెట్టాడట.

అయితే ఆ పొగడ్త అంతా మీదే కదా అన్నాను.

"పద్యం నాదేనండి. కానీ రాసినాయన మెచ్చుకున్నది దేన్ని? మళ్ళీ పాడకపోవడాన్ని. దాన్ని ఆపింది మావాడు. పేరు తప్పేం పడలేదు."

తిత్తి మూసిన ఆ చెయ్యి నాకు బాగా ఎరికైనట్టే ఉంది. అర్దళం వాసన కంటే బాగా. కానీ దాన్ని కూడా కళ్ళతో చూసింది మాష్టారే.

సమీక్షను నేను మంచి కాగితం మీద తిరిగి రాసి, అద్దం కట్టించి ముందు గదిలో తగిలించాను. నాన్న ఫోటో ఉండవలసిన చోట అది ఉంది. అమ్మకు అసలు సంగతి నేను చెప్పలేదు, మాష్టారూ చెప్పలేదు. అచ్చులో ఆయన గురించి వచ్చిన ఒకే ఒక్క మెప్పు, స్నేహితుడి పేరు మీద, రోజూ ఆయన మంచానికి ఎదురుగా ఉండేది. ఉదయం హార్మోనియం తుడిచిన బట్టతోనే ఆ అద్దమూ తుడిచేవారు. నేనైతే అలా తుడవగలిగేవాణ్ణా అని చాలాసార్లు అనుకున్నాను. ఆ గుణానికి కూడా నేను అసూయపడ్డాను.

దవాఖానలో చివరిగా చూసిన రోజు ఆయన దాన్ని చదవమన్నారు. కంఠతా వచ్చు కాబట్టి మంచం పక్కన కూర్చుని మెల్లగా చెప్పాను. రాజు పాత్రధారి అన్నచోట ఆగాను. నాన్న పేరు బదులు ఆయన పేరు పెట్టి చదువుదామని నోటిదాకా వచ్చింది. ఆయనకు తెలిసిపోయింది. దుప్పటి మీద నుంచి వేలు ఎత్తి, "ఉన్నదున్నట్టు చదవండి బాబూ" అన్నారు. అలాగే చదివాను. కళ్ళు మూసుకుని వేళ్ళతో దుప్పటి మీద హార్మోనియం మెట్లు నొక్కుతున్నట్టు కదుపుతూ విన్నారు.

కర్మలు అయ్యాక పంతులమ్మ గారు హార్మోనియం మా ఇంట్లోనే ఉంచమన్నారు. అది తండ్రి కోరిక అట.

ఇవాళ మళ్ళీ వాన. తోటకు వెళ్ళలేదు. ముందు గదిలో ఒక మూల కురుస్తోంది, నేను పెంకులు సర్దిన చోటే. తడవకుండా పెట్టెను అవతలి గోడ వైపు జరిపాను. జరిపేటప్పుడు కొక్కెం ఊడి తిత్తి తెరుచుకుంది. వేలు ఏదో మెట్టు మీద పడి, ఒక స్వరం పొడుగ్గా పలికి ఆగింది. లోపల చేట చప్పుడు కూడా ఆగింది. కాసేపటికి అమ్మ గొంతు వచ్చింది.

"ఇంగొక్కసారి, బిడ్డా."

నేను తిత్తి మూయలేదు. ఇవాళ్టి పని: కురిసే మూల కింద గిన్నె పెట్టాను.