మద్దిలేటి పద్నాలుగో ఉజరు

గద్వాలలో మద్దిలేటికి ఉజరు లేని సంగతంటూ ఒక్కటీ లేదు. ఉజరు అంటే అభ్యంతరం. కచేరీల్లో దరఖాస్తుల మీద రాసుకునే మాట అది. మద్దిలేటి దాన్ని వంటింటి దాకా తెచ్చుకున్నాడు. కూరలో ఉప్పు ఎక్కువైతే ఉజరు, తక్కువైతే ఉజరు. రెండూ కాక సరిగ్గా కుదిరితే, "గింత సక్కగ కుదిరిందంటెనే నాకు అనుమానం" అని మూడో ఉజరు. మనిషి సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. కుడిచేతి చూపుడువేలు నిద్రలో కూడా సగం లేచే ఉంటుందని ఆయన భార్య లక్ష్మీదేవమ్మ చెప్పేది.

ఆమెకు తెలియకేం! పెళ్లిపీటల మీద, సరిగ్గా పుస్తె కట్టే వేళకు ఆ వేలు పైకి లేచింది.

"అయ్యగారూ, జర ఆగుండ్రి. నాకొక ఉజరున్నది."

బాజాలు ఆగిపోయాయి. పిల్ల తండ్రి పరుగెత్తుకొచ్చాడు. తీరా చూస్తే పెళ్లికొడుకు అభ్యంతరమల్లా, సన్నాయి ఊదేవాడు గోడవైపు తిరిగి ఊదుతున్నాడని. వాడిని ఇటు తిప్పిందాకా పుస్తె కట్టలేదు.

"ఆనాడే లేసి పోయేదాన్ని. కాళ్లకు పారాణి ఆరలే, గందుకే కూసున్న" అనేది లక్ష్మీదేవమ్మ, ముప్పై ఏళ్ల తరువాత కూడా.

ఊరికి ఇదంతా వినోదం. అబ్దుల్ ఖాదర్‌కు మాత్రం బతుకుతెరువు. ఖాదర్ ఊరి కమిటీ కచేరీలో గుమాస్తా. ఎవరు ఉజరు పెట్టినా దాన్ని పుస్తకంలో ఎక్కించి, విచారించి, జవాబు మూడు ప్రతులు రాయడం అతని పని. పెద్ద పనేం కాదు, ఇతర ఊళ్లల్లో. గద్వాలలో మద్దిలేటి ఉన్నాడు కనుక ఖాదర్‌కు ముప్పై అయిదేళ్లకే గడ్డం నెరిసింది.

రెండో ప్రపంచ యుద్ధం మొదలవడానికి ఏడాది ముందు, కమిటీకి పెద్ద అయిన దేవరాజు హైదరాబాదు చూసి వచ్చాడు. వచ్చినప్పటి నుంచి ఆయనకు తన ఊరు నచ్చలేదు. మిఠాయి అంగడి పక్కన కమ్మరి కొలిమి, కొలిమి వెనక గొడ్లపాక, పాకను ఆనుకొని బడి. ఏ పని ఎక్కడ చేసుకోవాలో చెప్పే కొత్త కాయిదా, అంటే నిబంధన, రాశాడు. పటం గీయించి రంగులు వేయించాడు. ఇళ్లకు పసుపు, అంగళ్లకు ఎరుపు, గొడ్లకు ఆకుపచ్చ. వాసన వచ్చే పనులకూ, మురికినీళ్లు వదిలే పనులకూ నీలం. ఆ నీలం రైలుపట్టాల అవతల రాళ్లగడ్డ మీద పడింది. పటాన్ని గోడకు తగిలించి రోజూ దూరం నుంచి ఒకసారి, దగ్గర నుంచి ఒకసారి చూసుకునేవాడు.

ఆ నీలంలోకి పోవలసిన వాళ్లలో రంగ్రేజుల గల్లీ ఒకటి. పదకొండు ఇళ్లు. నూలుకు రంగు అద్దే కుటుంబాలు. వాళ్ల పెద్దదిక్కు షరీఫాబీ, మొగుడు పోయినా రంగు కలిపే గాబులు ఎండనివ్వని మనిషి. గల్లీలో మంచినీళ్ల బావి ఉంది, అందుకే అక్కడ రంగు నిలుస్తుంది. రాళ్లగడ్డ మీద చుక్క నీరు లేదు. నీళ్లు లేని చోట రంగు పనేం చేస్తారు? వాళ్లు మర్యాదగా ఒక దరఖాస్తు పెట్టుకున్నారు. "బావి సంగతి తరువాత చూడబడును" అని కమిటీ జవాబిచ్చింది. కాయిదా అమల్లోకి వస్తే పదకొండు పొయ్యిలు ఆరిపోతాయని అందరికీ తెలుసు. జవాబు రాసిన ఖాదర్‌కు మరీ తెలుసు.

మద్దిలేటి ఇల్లు ఆ గల్లీ మొదట్లోనే. రంగునీళ్లన్నీ ఆయన వాకిలి ముందు నుంచే పోతాయి. కనుక పొద్దున్నే ఆ గల్లీకి కోడికూత అవసరం ఉండేది కాదు.

"షరీఫమ్మా! నిన్న ఎరుపు, ఇయ్యాల పసుపు. నా వాకిట్ల హోలీ ఆడుతున్నరా?"

"నీ వాకిలికి రంగైనా ఉన్నది అన్నా. నీ మొగానికి గదీ లేదు."

"నా మొగం మీద మాట్లాడుతవా? గీ మాట మీద నాకొక ఉజరు!"

"పెట్టుకోపో! ఒకటికి నాలుగు పెట్టుకో!"

కొత్త కాయిదా సంగతి తెలియగానే ఊరంతా ఒకటే మాట అనుకుంది, మద్దిలేటి పంట పండిందని. షరీఫాబీ పీడ విరగడవుతుంటే ఇక ఆయనకు ఉజరేముంటుంది?

ఉంది. కాయిదాలో పన్నెండో అంశం అని ఒకటుంది. నోటీసు అంటించిన ముప్పై రోజుల్లో ఎవరైనా ఉజరు పెడితే, దాన్ని విచారించి, జవాబిచ్చి, నోటీసు మళ్లీ అంటించాలి. ముప్పై రోజులు ఏ ఉజరూ లేకుండా గడిస్తేనే కాయిదా అమలు. అంతవరకు పాత పద్ధతే. హైదరాబాదులో ఇట్లాగే ఉంటుందని ముచ్చటపడి దేవరాజే దాన్ని రాయించాడు. గద్వాలలో ఎవరు పెడతారులే అని ధీమా.

ముప్పయ్యో రోజు సాయంత్రం నాలుగు గంటలకు కచేరీ గడపలో ఒక వేలు కనిపించింది. దాని వెనక మద్దిలేటి వచ్చాడు.

"ఖాదర్ సాబ్, ఊరికి రెండు ఫర్లాంగుల అవతల అని రాసిండ్రు. ఊరంటే ఏడికెల్లి? కోట గోడ కాడికెల్లా, మా ఇంటి కాడికెల్లా?"

"ఎక్కడికెల్లి కొలిస్తే ఏందన్నా? నీకు కావాల్సింది వాళ్లు పోవుడే గదా!"

"పోతే లెక్క ప్రకారం పోవాలె. ఎక్కించు."

కొలిచి జవాబివ్వడానికి రెండు నెలలు పట్టింది. మళ్లీ నోటీసు. మళ్లీ ముప్పయ్యో రోజు, మళ్లీ నాలుగు గంటలు.

"పటంల ఉత్తరం పైన పెట్టిండ్రు. ఉత్తరం దిక్కు తలాపు పెట్టి మా ఇంట్ల కుక్క గూడ పండదు. ఊరి తలకాయ ఉత్తరం పెడితే ఊరికి మంచిదా?"

దీనికి జవాబు కావాలంటే పండితులను అడగాలి. ముగ్గురిని అడిగితే నాలుగు అభిప్రాయాలు వచ్చాయి. మరో మూడు నెలలు పోయాయి. తరువాతి ఉజరు, నోటీసు పడమటి గోడకు అంటించారు కనుక మధ్యాహ్నం దాటితే కళ్లలో ఎండపడి చదవరాదని, కాబట్టి ముప్పై రోజులంటే నిజానికి పదిహేనేనని. ఇంకోసారి నోటీసును మేక తిన్నది. మేక తిన్న రోజు నుంచి నోటీసు లేనట్టే గదా, అన్నాడు మద్దిలేటి. మేక ఎవరిదని ఖాదర్ అడిగితే, "మాదే. గందుకే నాకు పక్కాగ తెలుసు" అన్నాడు.

జర్మనీ వాళ్ల యుద్ధం మొదలైంది. దేశాలే చేతులు మారాయి. గద్వాల కాయిదా మాత్రం మొదలు కాలేదు. గల్లీ వాళ్లు ఖాదర్ కనిపిస్తే చాలు, కన్నీళ్లు పెట్టుకునేవాళ్లు.

"సాబ్, గా అన్నకు మామీద గింత పగేంది? మూడేండ్లాయె. వెళ్లగొడితే వెళ్లగొట్టుండ్రి, ఉంచితే ఉంచుండ్రి. నోటీసు అంటించినప్పుడల్ల మా పానం పోయి వస్తున్నది" అంది షరీఫాబీ.

పదమూడో ఉజరుకు జవాబు వెళ్లి నోటీసు మళ్లీ అంటించాక, దేవరాజు ఖాదర్‌ను పిలిచాడు.

"ఈ ఆలస్యానికి కారణమేందో నాకు రిపోర్టు రాసియ్యి. ఈసారి గూడ కాయిదా ఆగితే నిన్ను అమ్రాబాద్ అడవికి పంపిస్త. అక్కడి పులులకు ఏ రంగు వెయ్యాల్నో పటం గీసుకుంట కూసో."

ఖాదర్ పరేషాన్ అయ్యాడు. భార్య మజీదాకు పులులంటే భయం, అత్తగారికి అడవంటే భయం. పదమూడు దరఖాస్తులూ బల్ల మీద వరుసగా పరిచి మొదటి నుంచి చదివాడు. చదువుతూ చదువుతూ కళ్లద్దాలు తీసి తుడుచుకొని మళ్లీ చదివాడు. నాలుగో దాంట్లో రెండు ఫర్లాంగులు చాలా దగ్గర అన్న మనిషి, తొమ్మిదో దాంట్లో అది చాలా దూరం అన్నాడు. ఒక్క దరఖాస్తూ ఇరవై తొమ్మిదో రోజున రాలేదు. వాళ్లను పంపించండి అన్న మాట పదమూడింటిలో ఒక్కచోట కూడా లేదు.

మూడేళ్లుగా తాను ఎవరిని తిట్టుకుంటున్నాడో ఖాదర్‌కు అప్పుడు తెలిసింది. చాలా సిగ్గేసింది. రిపోర్టులో ఇదంతా రాస్తే తాను అమ్రాబాద్ తప్పించుకుంటాడు, గల్లీలో పదకొండు పొయ్యిలు ఆరిపోతాయి. కాగితం ముందు పెట్టుకొని కూర్చున్నాడు గానీ కలం కదల్లేదు.

ముప్పయ్యో రోజు వచ్చింది. నాలుగయింది. గడపలో వేలు కనిపించలేదు. నాలుగుంపావు అయింది. మూడేళ్లుగా ఏ రోజు కోసం ఎదురుచూశాడో ఆ రోజు వచ్చింది, కానీ ఖాదర్ కుర్చీలో నిలవలేకపోయాడు. చెప్పులేసుకొని బయలుదేరాడు. నడక కాస్తా పరుగయింది.

మద్దిలేటి రెండు కంబళ్ల కింద వణుకుతున్నాడు.

"చలిజ్వరం. నిన్నటి సంది కచేరికి పోత, కచేరికి పోత అని ఒకటే కలవరింత" అంది లక్ష్మీదేవమ్మ.

ఖాదర్ మంచం పక్కన కూర్చున్నాడు. "అన్నా, నాకు తెలిసింది."

"తెలిస్తే తెలిసింది. జర మెల్లగ మాట్లాడు. గోడ అవతల షరీఫమ్మ ఉన్నది."

"ఆమెకు చెప్తే ఏమాయె? మూడేండ్ల సంది నిన్ను దుష్మన్ అనుకుంటున్నది."

"చెప్తే పాడైతది. రేపటికెల్లి అన్నా, అన్నా అని మర్యాద జేస్తది. పొద్దుగాల కొట్లాడనీకె నాకెవరున్నరు? గీ లక్ష్మీదేవమ్మ ఎప్పుడో ఎదురు మాట్లాడుడు బంద్ జేసింది."

ఖాదర్ జేబులోంచి కాగితం తీశాడు. జీవితంలో మొదటిసారి తానే ఒక ఉజరు రాసి తెచ్చాడు. రాళ్లగడ్డ మీద నీళ్లు లేవనీ, పేదవాళ్లు నష్టపోతారనీ, దయ చూడాలనీ అందంగా రాశాడు. చదివి వినిపించాడు. కంబళ్ల కింది నుంచి వేలు మెల్లగా బయటికి వచ్చింది.

"ఖాదర్ సాబ్, దీనికి నాకొక ఉజరున్నది."

"అన్నా, అయిదింటికి కచేరీ మూస్తరు, ఇంక పావుగంటే ఉన్నది!"

"గిట్ల మంచిగ రాస్తే ఎవడింటడు? దయ చూడమంటే తరువాత చూస్తమంటరు. నేను చెప్త, రాయి. వాళ్లు రాళ్లగడ్డకు పోతే నీళ్ల కోసం పొద్దుమాపు మా గల్లీ బావికే వస్తరు. దినాం రెండు వందల బిందెలు నా వాకిట్ల కెల్లి పోతయి. నాకు నిద్ర ఉండదు. గందుకని వాళ్ల బావి ఏడ తవ్వుతరో నా కండ్లకు చూపియ్యాలె. కమిటీ మొత్తం రావాలె. పగటి పన్నెండు గంటలకు."

"పన్నెండుకే ఎందుకన్నా? ఇది ఎండాకాలం."

"గందుకే."

అయిదు గంటలకు రెండు నిమిషాల ముందు పద్నాలుగో ఉజరు పుస్తకంలోకి ఎక్కింది. పరుగెత్తి వచ్చిన ఖాదర్ చెమట చుక్క దాని మీద పడితే అద్దుడు కాగితంతో అద్దాడు.

పదిహేను రోజుల తరువాత, వైశాఖం ఎండలో, కమిటీ మొత్తం రాళ్లగడ్డ మీద నిలబడింది. మద్దిలేటి జ్వరం తగ్గి, గొడుగు వేసుకొని, చేతికర్రతో వచ్చాడు. దేవరాజు దర్జాగా ఒక చోటు చూపించాడు.

"బావి ఇక్కడ వస్తది."

మద్దిలేటి కర్రతో కొట్టాడు. ఖంగుమంది. "ఇది బండ గదా సాబ్. ఇంకో జాగ చూపియ్యుండ్రి."

ఇంకో చోటూ ఖంగుమంది. అట్లా తొమ్మిది చోట్లు తిరిగారు. పదో చోటికి దేవరాజు మీసం వాలిపోయింది. నాలుక పిడచకట్టుకుపోయింది.

"గోవిందూ, నీళ్లు" అన్నాడు బంట్రోతుతో.

"కూజా ఎప్పుడో అయిపోయింది సాబ్."

"దగ్గర్ల ఏడనన్న చూసి పట్టుకరా."

"దగ్గరంటే రంగ్రేజుల గల్లీ బావే సాబ్. గీ ఎండల పోయి తోడుకొని వచ్చేసరికి అర్ధగంట పడతది."

మద్దిలేటి వేలు దించి గొడుగు పట్టుకున్నాడు. దేవరాజు ఎండిన పెదవులు తడుపుకుంటూ రాళ్లగడ్డ అంతా ఒకసారి చూశాడు. దుర్మార్గుడు కాదాయన. పటాన్ని ప్రేమించాడు, ఈ గడ్డ మీదికి ఇప్పటిదాకా రాలేదు, అంతే.

"ఖాదర్, గోడ మీది పటం దించు. రబ్బరున్నదా నీ దగ్గర?"

"ఉన్నది సాబ్! రెండున్నయి!"

రంగ్రేజుల గల్లీ నీలంలోంచి బయటపడింది. గల్లీకి రాతి కాలువ కట్టించి రంగునీళ్లు ఊరి బయటికి పంపాలని కొత్త అంశం చేరింది. ముప్పై రోజులు గడిచాయి. ఎవరూ ఉజరు పెట్టలేదు. అమ్రాబాద్ పులులు పటం లేకుండానే బతికాయి.

ఆ సాయంత్రం గల్లీలో పుట్నాలు, చక్కెర పంచారు. ఖాదర్‌కు పెద్ద పొట్లమే ఇచ్చి, షరీఫాబీ ఇంకో పొట్లం చేత్తో పట్టుకొని మద్దిలేటి ఇంటి ముందు కాసేపు తటపటాయించింది. చివరికి ఖాదర్‌ను తోడు తీసుకొని అరుగు దగ్గరికి వెళ్లింది.

"అన్నా, ఓడిపోయినవని మనసుల పెట్టుకోకు. నువ్వు గూడ శాన కష్టపడ్డవు."

మద్దిలేటి తల వంచుకున్నాడు. "ఏం జేస్త చెల్లె. మూడేండ్లు కొట్లాడిన. నా నసీబుల లేదు."

"జ్వరంల గూడ రాస్తివంట. గంత పట్టుదల ఎవరికుంటది?"

"ఏం లాభం!"

"బాధపడకన్నా. మళ్ల ఎప్పుడన్న గెలుస్తవు తియ్" అని పొట్లం ఆయన చేతిలో పెట్టి, షరీఫాబీ ఖాదర్ వైపు తిరిగి మెల్లగా అంది. "చూడు సాబ్, పాపం, కండ్లల్ల నీళ్లు పెట్టుకుండు."

ఖాదర్ అవునన్నట్టు తల ఊపాడు. నోరు తెరిస్తే నవ్వొస్తుందని, పొట్లంలోని పుట్నాలు గుప్పెడు ఒక్కసారే నోట్లో పోసుకున్నాడు.