ఓదార్పు అరలో దేవదూత

అమెరికాలో కెంటకీ కొండల్లో బొగ్గు గని మూతపడ్డాక మిగిలిన ఊళ్లలో ఒకటది. అక్కడి బాప్టిస్టు చర్చి వెనకగదిలో, జనం చదువుకోవడానికిచ్చే పుస్తకాలను ఓర్లీన్ స్టాంపర్ చూసుకునేది. అంతకుముందు బతుకంతా చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టింది. ఫ్యాక్టరీ పోయింది, భర్త పోయాడు, మొన్న చలికాలంలో కూతురు డార్లా జబ్బుచేసి పోయింది. డార్లా కూతురు టెస్సా, పదిహేనేళ్ల పిల్ల, పెట్టె పట్టుకుని అమ్మమ్మ ఇంటికొచ్చింది. వచ్చిన నాటి నుంచీ "ఊ", "వద్దు" తప్ప మరో మాట లేదు. తిన్న కంచం కడిగేది, గదిలోకి పోయి తలుపేసుకునేది. ఫ్యాక్టరీలో కుట్టు తప్పితే ఓర్లీన్ విప్పి మళ్లీ కుట్టేది. ఈ పిల్ల దగ్గర, విప్పుదామంటే దారం కొసే దొరకలేదు.

ఎండలు మొదలయ్యాక ఎవరో చర్చి గుమ్మంలో అట్టపెట్టెడు పుస్తకాలు వదిలి వెళ్లారు. వాటిలో ఒకదాని అట్టమీద తల వంచుకున్న కుర్రాడు, వీపున బూడిదరంగు రెక్కలు. ప్రార్థనలో ఉన్నాడనుకుంది ఓర్లీన్. ఒంటిమీద చొక్కా లేదని గమనించింది గానీ, బొమ్మల బైబిల్లో దూతలకు మాత్రం చొక్కాలెక్కడున్నాయి అని సరిపెట్టుకుంది. చర్చి ముద్ర కొట్టి, అయినవాళ్లను పోగొట్టుకున్నవారి కోసం ఉంచిన ఓదార్పు అరలో పెట్టింది. భార్య పోయిన సంఘపెద్ద, డీకన్ హోబర్ట్ ఆ వారమే వచ్చి, "పరలోకం సంగతులేవైనా ఉంటే ఇవ్వమ్మా" అన్నాడు. అదే తీసి చేతిలో పెట్టింది.

బుధవారం ప్రార్థనకు ముందు అందరూ కలిసి భోంచేస్తారు. ఉడికించిన చిక్కుడు గింజలు, మొక్కజొన్న రొట్టె వడ్డించుకుని హోబర్ట్ తిన్నగా ఓర్లీన్ బల్ల దగ్గరికి వచ్చాడు. ఆయనకు చెవుడు. ఆయన గుసగుసలాడినా హాలంతా వింటుంది.

"సిస్టర్ ఓర్లీన్, నీ దేవదూత శ్మశానంలో ఆ పిల్లను ముద్దుపెట్టుకున్నాడు!"

"ఎవరు బ్రదర్?"

"అదే, ఆ రెక్కలోడు. మళ్లీ వానలో తడుస్తూ ఇంకోసారి."

"అయ్యో దేవుడా! అక్కడితో మూసెయ్యలేకపోయారా?"

"ఎలా మూస్తాను? ఆ పిల్ల బతుకుతుందో లేదో తెలియొద్దూ?"

హాలు గొల్లుమంది. పాస్టరమ్మ ఫిలిస్ మాత్రం చెంచా కింద పెట్టింది. "దూతలకు పెళ్లిళ్లే ఉండవని వాక్యంలో ఉంటే, ముద్దులెక్కడి నుంచి వచ్చాయి? ఓర్లీన్, అది ఆ అరలో ఉండటానికి వీల్లేదు."

"ఇవాళే ఇంటికి పట్టుకుపోతాను పాస్టరమ్మా." ఓర్లీన్ చెవులు ఎర్రబడ్డాయి.

అప్పుడు పక్కన కూర్చున్న టెస్సా నవ్వింది. డార్లా నవ్వులాగే అదీ ముక్కులోంచి మొదలై, ఆపుకోబోతే ఇంకా పెద్దదైంది.

"అమ్మమ్మా, పోయి పోయి హోబర్ట్ తాతకిచ్చావా! అతను కావలి దూత కాదు, స్వర్గం నుంచి పడిపోయినవాడు. ఇలాంటివి ఇంకా ఉన్నాయి, అన్నీ చదివాను నేను."

ప్రార్థన అయ్యాక కారులో ఇంటికి పోతూ, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా అడిగింది ఓర్లీన్. "ఏం తప్పు చేసి పడిపోయాడే?"

"తప్పు కాదు. చనిపోయేవాళ్లను తీసుకెళ్లడం అతని పని. ఒక పిల్ల వాళ్లమ్మను తీసుకెళ్లాడు. తర్వాత ఆ పిల్ల అడిగితే జవాబు చెప్పేశాడు. దూతలు చెప్పకూడదు."

"ఏమడిగింది?"

టెస్సా కిటికీ వైపు తిరిగింది. "మా అమ్మ భయపడిందా, అని."

ఓర్లీన్ కారు రోడ్డు పక్కకు తీసి ఆపింది. పిల్ల దగ్గర ఆసుపత్రి ఊసెత్తకూడదని ఇన్నాళ్లూ నోరు కట్టేసుకుంది. అదే దయ అనుకుంది. పిల్లేమో ఆ ముక్క చెప్పగలవాడు రెక్కలున్నవాడొక్కడేనని ఒక పుస్తకం తర్వాత ఇంకో పుస్తకంలో వెతుక్కుంటోంది. ఆ రోజు ఆ గదిలో ఉన్నది తను.

"నేనక్కడే ఉన్నానమ్మా. మీ అమ్మ చెయ్యి నా చేతిలోనే ఉంది. మొదట భయపడింది, నీతో అబద్ధమాడను. మందు పనిచేశాక ఊపిరి నెమ్మదించింది. నీ కోటు పొట్టిదైపోయింది, ఈసారి చేతులు పొడుగ్గా ఉన్నది చూసి కొనమంది. నేను నీకిచ్చిన నీలం కోటు నా అంతట నేను కొన్నది కాదే, మీ అమ్మ కొనిపించింది. ఆ తర్వాత నిద్రపోయింది. అంతే."

"నా కోటు గురించా?"

"నీ కోటు గురించే."

టెస్సా ముఖం చేతుల్లో దాచుకుని ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి అమ్మమ్మ భుజానికి తల ఆనించి, "ఇంకా చెప్పు" అంది. కొండ వెనక పొద్దు వాలేదాకా ఓర్లీన్ చెబుతూనే ఉంది.

మర్నాడు పొద్దున్నే మంచం పక్కన మోకరించి దేవుడికి కృతజ్ఞతలు చెప్పింది. డార్లాను ఇచ్చినందుకు, టెస్సాను మిగిల్చినందుకు, గుమ్మంలో పెట్టె వదిలిన వాళ్లెవరో వాళ్లను పంపినందుకు, హోబర్ట్‌కు చెవుడు ఉన్నందుకు కూడా. కాసేపు తటపటాయించి, ఆ పుస్తకం రాసిన మనిషిని కూడా చల్లగా చూడమంది. ఆ మనిషికి దేవుడంటే నమ్మకం ఉందో లేదో ఆమెకు తెలియదు. అయినా అడిగింది.

వంటింట్లోంచి కేక వినబడింది. "అమ్మమ్మా! గుడ్లు ఎన్ని కొట్టను? నీకు పచ్చసొన గట్టిగా కావాలా, మెత్తగానా?"

ఆమెన్ అనకుండానే ఓర్లీన్ లేచింది.