సాంబమూర్తి గారి రెండో కొలత

సాంబమూర్తి గారు మొదటి కొలతను నమ్మరు. ఎవరు కొలిచినా, ఏది కొలిచినా మళ్ళీ కొలవాల్సిందే. కొత్తపేట రైతుబజారులో తూచిన టమాటలను దించి మళ్ళీ తూచమంటారు. "రెండుసార్లు జోకితే పెరుగుతయా సారూ?" అని కూరగాయలమ్మే లచ్చమ్మ అడిగితే, "తగ్గినా తెలియాలి కదమ్మా" అన్నారు. జ్వరమొస్తే పక్కింటివాళ్ళ థర్మామీటరు కూడా తెప్పించి, రెండూ ఒకే అంకె చూపించాకే మాత్ర వేసుకున్నారు.

ఎల్బీనగర్‌లో ఒక కాలేజీలో ఆయన పరిశోధన. ఒక స్టీలు గొట్టంలో గాలంతా తోడేసి, పలచగా ఆర్గాన్ వాయువు నింపి, అందులో ఎలక్ట్రాన్లు ఎంత వేగంగా కదులుతాయో చూస్తారు. కణాలను పసిగట్టే డిటెక్టర్లు కట్టేవాళ్ళకు ఆ లెక్క కావాలి. ఆయనకు మాత్రం అవి ఎందుకలా పరుగెత్తుతాయో తెలిస్తే చాలు, అన్నం కూడా అక్కర్లేదు.

ఆయన దగ్గర పీహెచ్‌డీ చేసే సౌజన్యది నల్లగొండ దగ్గర పల్లె. ఈసారి ఆమె కొలతల్లో ఎలక్ట్రాన్లు ఉండాల్సినదానికన్నా జోరుగా ఉరికాయి. ఆ అంకెలు అప్పటికే బెంగళూరు డిటెక్టర్ బృందానికి చేరాయి. ఆ తేడా ఏమిటో తేల్చడానికి వాళ్ళ పెద్ద స్వయంగా వస్తున్నారని తెలిసి ఆమె బెంబేలెత్తిపోయింది. దిల్‌సుఖ్‌నగర్‌లో బ్యాంకు పరీక్షల కోచింగ్‌లో చేరిపోతానంది.

"ముందు మళ్ళీ కొలుద్దాం" అన్నారాయన.

తననూ టమాటల లెక్కలో జమకట్టారని సౌజన్య ముఖం ముడుచుకుంది. కానీ కొలిచిన ప్రతిసారీ వేగం మరికాస్త పెరుగుతుంటే ఆయన కళ్ళు మెరవడం చూసి, కోపం మరిచి తనూ పక్కన చేరింది. ఆఖరికి దొరికింది. గొట్టం అతుకు దగ్గర ఒక నట్టు వదులుగా ఉంది. అక్కడి నుంచి గాలి దూరుతోంది. ఆర్గాన్‌లో పిసరంత గాలి కలిసినా ఎలక్ట్రాన్ల నడక మారిపోతుంది. ఇద్దరూ కలిసి నట్టు బిగించారు. ఎలక్ట్రాన్లు బుద్ధిగా నడిచాయి.

సౌజన్యకు అప్పుడు గుర్తొచ్చింది. హయత్‌నగర్‌లో అక్క సీమంతానికి బస్సు అందుకునే తొందరలో మొదట ఆ నట్టు బిగించింది తనే.

బెంగళూరు నుంచి వచ్చిన పెద్దమనిషి అంతా విని, అసలు ఆ నట్టును మొదట ఎవరు బిగించారని అడిగారు.

"నేనే" అన్నారు సాంబమూర్తి గారు, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా. ఈ వయసులో పట్టు తప్పుతోందని చేతులు చూపించారు కూడా. పెద్దమనిషి తలూపి, సరిచేసిన అంకెలు తీసుకుని వెళ్ళిపోయారు.

వరండాలో సౌజన్య నిలదీసింది. "సార్, గా నట్టు బిగించింది నేను. మీకు ఎరుకే గద?"

"నిజమేనా అమ్మా? ఇప్పుడు ఎలా తేలుతుంది? మళ్ళీ కొలుద్దామంటే ఆ నట్టు వదులుగా లేదాయె" అని ఆయన టీ తాగడానికి బయలుదేరారు.