నలభై మైళ్ళ దగ్గర చప్పుడు

అబ్దుల్ ఖాదర్ సౌదీలో, రాబిగ్ రేవులో చేపల వేలం పాడేవాడు. ఆయన గొంతు లేస్తే పడవల మీది కొంగలు కూడా ఎగిరిపోయేవని చెప్పుకునేవారు. నేను ఎరిగేనాటికి వేలం మానేశాడు, రెండు కళ్ళకూ మసక కమ్ముతోంది. రెండువేల ఐదులో ఒకనాడు, తండ్రి వదిలివెళ్ళిన పాత మోరిస్ మైనర్ కారును తాడుతో లాగించుకుని మా షెడ్డుకు వచ్చాడు.

ఎందుకు రాడు? మెట్‌పల్లి బస్టాండు వెనక చేయి తిరిగినవాణ్ణి నేను. చదివింది ఏడో తరగతే గాని జీపులు, అంబులెన్సులు, రైసుమిల్లు లారీలు అన్నిటి స్పీడు మీటర్లూ నా బల్ల మీదికి వచ్చినవే. ఇక్కడ రిఫైనరీ పికప్పులు సైతం నర్సింలు ఎక్కడని వెతుక్కుంటూ వచ్చేవి. నేను బాగుచేసిన మీటరులో ముల్లు వణకదు, చప్పుడు రాదు. అదే నా ముద్ర.

ఇంజను పని చాంద్ బాషా చూసుకున్నాడు. అతనిది కడప, నాకు గదిలో తోడు. మీటరు నా వంతు. ముల్లు ఇరుసును పట్టి ఉంచే బుష్ అరిగిపోతే, లేతు మీద ఇత్తడిది తిప్పి వేశాను. వెంట్రుక లాంటి స్ప్రింగును ఊపిరి బిగబట్టి సరిచేశాను. చక్రాల తిరుగుడును మీటరుకు మోసుకొచ్చే కేబుల్ ఒకచోట మెలిక తిరిగి ఉంటే, విప్పి, గ్రీజు పట్టించి, సాఫీగా వంచి బిగించాను. తన చిన్నప్పుడు ఎలా ఉండేదో అలా కావాలన్నాడు ముసలాయన, చూపు పోకముందే.

సాయంత్రం సముద్రం పక్క రోడ్డు మీద నడిపి చూపించాం. నలభై మైళ్ళ దగ్గర ముల్లు గోడకు కొట్టిన మేకులా నిలబడింది. మెప్పు కోసం ఆయన వైపు తిరిగాను. ఆయన మీటరు దగ్గరికి చెవి తెచ్చి, చాలాసేపు విని, వెనక్కి వాలిపోయాడు.

"ఇది మా నాన్న బండి కాదు," అన్నాడు మాలాంటి పనివాళ్ళ దగ్గర నేర్చిన హిందీలో, మెల్లగా.

తండ్రి నలభై దాటించేవాడు కాదట. నలభై దగ్గర మీటరు టిక్కు టిక్కుమనేదట. పిల్లవాడిగా వెనక సీట్లో ఆ చప్పుడుకే నిద్రపోయేవాడట.

"నీ పనితనం మడిచి జేబులో పెట్టుకో మామా," అన్నాడు చాంద్ బాషా. "అది మళ్ళా మాట్లాడాలంట."

"సప్పుడు బందు జేసుడే నేర్సుకున్న బతుకంత. ఇప్పుడు పుట్టియ్యాల్నా?"

అన్నాను గాని చేతులు ఊరుకోలేదు. ఆ టిక్కు టిక్కు కేబుల్ మెలికదేనని తెలుసు, బండి ఆపించి రోడ్డు పక్కనే దాన్ని ఊడదీశాను. గ్రీజు తుడిచేశాను. పాత మెలిక గుర్తు దాని మీద రాగి వన్నె మచ్చగా ఇంకా ఉంది. అక్కడే, అంతే వంచి బిగించాను.

చాంద్ బాషా మళ్ళీ పోనిచ్చాడు. నీళ్ళూ ఆకాశమూ ఒకే రంగులో కలిసిపోతున్నాయి. నలభైకి చేరువవుతుంటే చప్పుడు మొదలైంది, తడి ఇసుకలో పీత నడిచినట్టు. నలభై దగ్గర ముల్లు సన్నగా ఊగసాగింది. అబ్దుల్ ఖాదర్ ఆపమన్నాడు, దిగి వెనక సీట్లోకి మారాడు, కాళ్ళు ముడుచుకున్నాడు.

కాసేపటికి ఆయన తల అద్దానికి ఆనుకుంది. రిఫైనరీ దీపాలు ఒకటొకటిగా వెనక్కి జారిపోతున్నాయి. ఆయన ఇంటి మలుపు వచ్చినా చాంద్ బాషా తిప్పలేదు, నేనూ తిప్పమనలేదు.

ముల్లు కదలకుండా నిలబెట్టిన బండ్లు నాకు లెక్కలేనన్ని. ఊగేలా చేసి పేరు తెచ్చుకున్నది ఆ ఒక్కటే.