ఊరు భద్రమో కాదో చూడబోయి నేనే దొరికిపోయాను

మా స్రవంతికి నల్గొండ జిల్లాలో ఉద్యోగం వచ్చిన రోజు అది వీధంతా స్వీట్లు పంచింది, నేను తలుపు గడియ పెట్టుకుని కూర్చున్నాను. పిల్ల నర్సింగ్ చదివింది. తిరుమలగిరి దగ్గర ఒక చిన్న ఊళ్ళో, పల్లె దవాఖానలో పోస్టింగ్. దవాఖానకు ఆనుకుని ఒక గది ఉంటుందట, అందులో ఒంటరిగా ఉండాలట. నాకు గుండెల్లో రాయి పడింది. రెండేళ్ళ కిందట షాద్‌నగర్‌లో, మా వీధిలోనే, పట్టపగలు కూరగాయల బండి ముందు నా మెడలో గొలుసు తెంపుకుపోయారు. చుట్టూ పదిమంది ఉన్నారు. దొంగల వెనక పరుగెత్తలేదు, సరే, కింద పడ్డ నన్ను లేపడానికైనా ఒక్కరూ చెయ్యి అందించలేదు. నలుగురున్న టౌనులోనే ఇట్లా ఉంటే, ఎవరూ ఎరగని పల్లెలో నా బిడ్డ గతేమిటి?

వాళ్ళ నాయిన పోయాక నాకున్నది అదొక్కతే. అందుకే షరతు పెట్టాను. "ముందు నేను పోయి ఊరు చూసొస్త. నాకు నచ్చకపోతే నువ్వు ఆ ఉద్యోగం మాట ఎత్తద్దు." సోమవారంలోగా చేరాలి, ఆ రోజు గురువారం. స్రవంతి, "సరే అమ్మా. కానీ చూసొచ్చినంక ఉన్నదున్నట్టు చెప్పాలె, నన్ను ఆపనీకి కతలు జెప్పద్దు" అంది. తనకు ప్రైవేటు ఆసుపత్రిలో డ్యూటీ ఉంది, రాలేదు. అదీ మంచిదే అనుకున్నాను. నర్సు తల్లినని తెలిస్తే అందరూ తీపి మాటలే చెబుతారు కదా! నేనెవరో చెప్పకుండా చూసి రావాలి. అదీ నా తెలివి. ఆ ఊరి పేరు మాత్రం ఇక్కడ రాయను, ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

అటు వెళ్ళాలనుకునేవాళ్ళ కోసం దారి చెబుతాను. శుక్రవారం పొద్దున అయిదున్నరకు షాద్‌నగర్‌లో బస్సెక్కితే ఏడింటికల్లా హైదరాబాద్ పెద్ద బస్టాండులో దిగాను. ఏడుంబావుకు నల్గొండ ఎక్స్‌ప్రెస్ దొరికింది, పది కాకముందే నల్గొండ. ఆడవాళ్ళు ఆధార్ కార్డు మరిచిపోకండి, జీరో టికెట్ కాబట్టి అక్కడిదాకా నాకు పైసా ఖర్చు లేదు. నల్గొండ బస్టాండు బయట నలభై రూపాయలకు ఇడ్లీ తిన్నాను, చట్నీలో కారం దంచి కొట్టింది. పదింబావుకు హాలియా బస్సు, గంట ప్రయాణం. దారి పొడుగునా బత్తాయి తోటలు, తెల్లగా విచ్చుకున్న పత్తి చేలు. హాలియా నుంచి తిరుమలగిరికి షేర్ ఆటో, మనిషికి నలభై. పన్నెండింటికి అక్కడ దిగి, నేరుగా పోలీస్ స్టేషన్‌కు నడిచాను. ఊరు భద్రమో కాదో పోలీసుల కంటే ఎవరికి బాగా తెలుస్తుంది చెప్పండి!

బల్ల దగ్గర ఒక ఆడ కానిస్టేబుల్ కూర్చుని ఉంది, మా స్రవంతి వయసే. పేరు, ఫోన్ నంబరు పుస్తకంలో రాసుకుని, "కంప్లైంటా అమ్మా?" అని అడిగింది. ఊరి పేరు చెప్పి, "కాదు బిడ్డా, ఆ ఊళ్ళె దొంగతనాలు, కొట్లాటలు ఎట్లుంటయో తెలుసుకుందామని" అన్నాను. ఆ పిల్ల వింతగా చూసింది గానీ జవాబు చెప్పింది. "బాయిల కాడ మోటర్ల వైర్లు కోసుకపోతరు. అప్పుడప్పుడు మేకలు పోతయి. తాగి కొట్టుకుంటరు, పొద్దుగాల మల్ల కలిసి తిరుగుతరు. నేనొచ్చినంక ఆడోళ్ళ మీద చెయ్యేసిన కేసైతే రాలె." నా ప్రాణం కొంచెం లేచొచ్చింది. "మీకెందుకమ్మా గివన్నీ?" అని అడిగితే, "ఊకెనే" అని నవ్వి బయటపడ్డాను. ఆ నవ్వు ఎంత అనుమానం పుట్టించిందో తర్వాత తెలిసింది.

ఊళ్ళోకి వెళ్ళే ఆటోకు ఇరవై రూపాయలు. డ్రైవర్ కూడా అదే అడిగాడు. "ఏం పని మీద పోతున్నవక్కా?" ఊకెనే అన్నాను. "మా దిక్కు ఊకెనే ఎవలూ రారక్కా" అని అద్దంలోంచి ఒకసారి చూసి, నాలుగున్నరకు ఆఖరి ఆటో ఉంటుందని, అది తప్పితే వెనక్కి రాలేనని చెప్పి దింపి వెళ్ళిపోయాడు.

దిగిన చోట రేకుల పందిరి, దాని కింద ఒక చిన్న కిరాణా కొట్టు, చాయ్ కూడా అక్కడే. కొట్టు నడిపే ఆవిడ పేరు యాదమ్మ. నలభై అయిదేళ్ళుంటాయి, బిగించి కట్టిన చీర, చురుకైన కళ్ళు. నా కాలు నేల మీద పడిందో లేదో, "ఎవలింటికమ్మా?" అంది. నా తెలివి అక్కడ పనిచేసింది. నల్గొండ జిల్లాలో యాదగిరి లేని ఊరుంటుందా? "యాదగిరోళ్ళింటికి" అన్నాను. "ఏ యాదగిరి? మా ఊర్ల అయిదుగురున్నరు. బర్ల యాదగిరా, డ్రైవర్ యాదగిరా, పెద్ద యాదగిరా..." అని ఆవిడ వేళ్ళు మడిచింది. "డ్రైవర్ యాదగిరి" అన్నాను, దూరపు చుట్టాన్నని కూడా కలిపాను. యాదమ్మ మొహంలో ఏమీ కదల్లేదు. ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ ఒకటి తెచ్చి వేసింది. "ఆయన లారీ మీద పోయిండు, వస్తడు. కూసో అమ్మా, చాయ్ తాగు" అంది.

అబ్బ, ఎంత మంచి మనిషి అనుకున్నాను. చాయ్ చేతికిచ్చి ఆవిడ ఫోన్ పట్టుకుని కొట్టు వెనక్కి వెళ్ళింది. కాసేపటికి చేలోంచి నలుగురు ఆడవాళ్ళు వచ్చారు, కొంగులకు పత్తి పోగులు అంటుకుని ఉన్నాయి. పలకరించి నా చుట్టూ కూర్చున్నారు. ఇంతకన్నా మంచి అవకాశం దొరుకుతుందా! అడగాల్సినవన్నీ అడిగేశాను. పగలు ఇళ్ళకు తాళాలేసుకుని అందరూ పొలాలకు పోతారా? ఊళ్ళో కెమెరాలున్నాయా, ఉంటే పనిచేస్తాయా? చీకటి పడ్డాక వీధిలో ఎవరైనా మెలకువగా ఉంటారా? దవాఖాన వైపు మనుషుల రాకపోకలుంటాయా? వాళ్ళు ప్రతిదానికీ ఒకరి మొహాలు ఒకరు చూసుకుని, "ఎందుకమ్మా?" అనేవారు. ఈ ఆడవాళ్ళకు ఎంత బిడియం అని జాలిపడ్డాను కూడా.

ఒంటిగంటకు యాదమ్మ పళ్ళెంలో అన్నం, తోటకూర పప్పు, మామిడికాయ తొక్కు పెట్టి తెచ్చింది. మొహమాటపడితే, "యాళ్ళకొచ్చినవ్, తినక పోతవా?" అని కసిరింది. కమ్మటి పప్పు, కడుపు నిండా తిన్నాను. తర్వాత ఊరు చూసి వస్తానని లేచాను. "కూసో కూసో, ఎండ మస్తుగుంది" అన్నారు. రెండోసారి లేస్తే, నా పక్కన కూర్చున్న భారీ మనిషి కూడా లేచి నిలబడింది. మూడోసారి లేవబోతే ఆవిడ నా సంచీ తన ఒళ్ళో పెట్టుకుని, "ఏడికి పోతవమ్మా, ఫికర్ జెయ్యకు" అంది. అప్పుడైనా నాకు బుర్ర వెలిగిందా? లేదు! పల్లెవాళ్ళ ఆదరణ ఇట్లా ఉంటుందని మురిసిపోతూ కూర్చున్నాను.

రెండింటికి మోటారు సైకిల్ మీద కానిస్టేబుల్ వచ్చాడు. ఆ ఊరు చూసే డ్యూటీ ఆయనదేనట, యాదమ్మ ఫోన్ చేసింది ఆయనకేనట. ఫోన్‌లో ఏదో చూసుకుని, "పొద్దుగాల స్టేషన్ల గీ ఊరి దొంగతనాల సంగతి అడిగింది మీరేనా?" అన్నాడు. ఆడవాళ్ళంతా ఒక్కసారి "అమ్మో!" అన్నారు. నేను నోరు తెరిచేలోపు యాదమ్మ నడుము మీద చెయ్యేసుకుని నిలబడింది. "డ్రైవర్ యాదగిరి నా పెనిమిటే. పెండ్లయి ఇరవయ్యైదేండ్లాయె, నేనెరుగని చుట్టం నాకేడికెళ్ళి వచ్చింది?"

సిగ్గుతో చచ్చిపోయాను. ఫోన్‌లో ఉన్న స్రవంతి ఉద్యోగ ఉత్తర్వు ఫోటో వెతికి చూపించాను. కానిస్టేబుల్ నమ్మీ నమ్మక, అమ్మాయితో మాట్లాడించమన్నాడు. స్పీకర్ పెట్టాను. సంగతంతా విని నా కూతురు, "అమ్మా, ఏం జేసినవే! దొంగ లెక్క దొరికినవా?" అని పకపకా నవ్వింది. ఆ నవ్వు విని ఆడవాళ్ళూ నవ్వారు. యాదమ్మ మాత్రం నన్ను చెడామడా తిట్టింది. "నర్సమ్మ తల్లినని ఒక్క మాట జెప్తె అయిపోవు గద! నా దిల్ ఎట్ల కొట్టుకుందో నీకెరుకేనా?"

నాకూ రోషం వచ్చింది. "దొంగననుకుంటే అన్నం ఎందుకు పెట్టిన్రు మరి?" అన్నాను. నవ్వులు ఆగిపోయాయి. యాదమ్మే నా ఎదుట నేల మీద కూర్చుని చెప్పింది. కొన్నేళ్ళ కిందట, పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు తిరుగుతున్నారని ఫోన్లలో పుకార్లు వచ్చినప్పుడు, ఒకాయన పొద్దుగూకే ముందు ఇక్కడే దిగాడట. ఎవరింటికని అడిగితే నత్తి వల్ల మాట పెగల్లేదట. "మొగోళ్ళు కొట్టిన్రు. రాయి నేను గూడ ఇసిరిన. నెత్తురు జూసినంక గూడ ఎవలం ఆపలె. తెల్లారి తెలిసింది, పక్కూర్ల చెల్లె ఇంటికి పోబోయి మా ఊర్ల దిగిండట పాపం. పానం దక్కింది గని, చెయ్యి మల్ల సక్కగ కాలే. కేసైంది, మా ఆయనతోని సహా ఆరుగురు జైలుకు పోయొచ్చిన్రు." ఆవిడ కానిస్టేబుల్ వైపు ఒకసారి చూసింది. "పోలీసోళ్ళ పుస్తకంల ఏముందో నాకెరుక లేదమ్మా. మా ఊర్ల అన్నిటికన్న పెద్ద నేరం మేం జేసిందే" అంది యాదమ్మ.

ఆ తర్వాత ఊరంతా కూర్చుని ఒక కట్టుబాటు చేసుకున్నారట. కొత్త మనిషి వస్తే ముందు కుర్చీ వెయ్యాలి. చాయ్ ఇవ్వాలి, వేళయితే అన్నం పెట్టాలి. చుట్టూ ఆడవాళ్ళే కూర్చోవాలి, మగవాళ్ళు దగ్గరికి రాకూడదు. పోలీసాయన వచ్చేదాకా ఎవరూ చెయ్యెత్తకూడదు. నేను అంతసేపు నిశ్చింతగా కూర్చుని పప్పన్నం తిన్నది ఆ నత్తి మనిషి దెబ్బల వల్ల అని తెలిసేసరికి నాకు కళ్ళ నీళ్ళు ఆగలేదు. యాదమ్మ కొంగుతో నా మొహం తుడిచింది.

మూడింటికి నన్ను దవాఖాన దగ్గరికి తీసుకెళ్ళారు. రెండు గదులు, ముందు చిన్న వరండా. నేను తలుపు గడియ లాగి చూశాను, కిటికీ ఊచలు కదిపి చూశాను, గట్టిగానే ఉన్నాయి. ఎదురిల్లు యాదమ్మ తోడికోడలిది. నాలుగున్నర ఆటో ఎక్కుతుంటే యాదమ్మ తన నంబరు నా ఫోన్‌లో వేసి, సంచీలో రెండు బత్తాయిలు పెట్టింది. దారంతా నా మనసు మనసులో లేదు. నా కోసం గంటన్నర పనులు మానుకుని కూర్చున్న ఆ ఆడవాళ్ళకు చేతులెత్తి మొక్కాలనిపించింది. రాళ్ళు విసిరిన చేతులూ అవే కదా అని వణుకూ పుట్టింది. అట్లాంటి ఊరికి బిడ్డను పంపనా వద్దా?

మర్నాడు పొద్దున స్రవంతికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆ నత్తి మనిషి సంగతి దాచేద్దామని మనసు లాగింది, కానీ మాట ఇచ్చాను కదా, దాచలేదు. అది నవ్వలేదు, భయపడనూ లేదు. టీ గ్లాసు పక్కన పెట్టి, "అమ్మా, ఆయనను కొట్టిన రోజు ఊర్ల నర్సు ఉండెనా?" అని అడిగింది. నాకు ఆ ప్రశ్నే తట్టలేదు. యాదమ్మకు ఫోన్ చేశాను. "ఏడుందమ్మా! అప్పటికే ఏడాది సంది దవాఖానకు తాళమే. కట్టు గట్టేటోళ్ళు లేక చెయ్యి అట్లనే ఏలాడేసుకుని, తెల్లారినంక ట్రాక్టర్ల నల్గొండకు తీస్కపోయిన్రు. జర యాళ్ళకు చూసుంటే చెయ్యి దక్కేదన్నరు డాక్టర్లు" అంది. స్పీకర్‌లో విన్న స్రవంతి లేచి, అటక మీంచి సూట్‌కేసు దించింది. "సోమారం దాక ఎందుకే, రేపే పోదాం" అంది. నేను వద్దనలేదు. ఆ పూట దాని చీరలు మడతపెట్టింది నేనే.

ఆ ప్రయాణానికి నేను చాలామందికి రుణపడి ఉన్నాను, అందరికంటే ఎక్కువగా నేనెన్నడూ చూడని ఆ మనిషికి. ఆయన మొహమెట్లా ఉంటుందో తెలియదు, కానీ రోజూ దేవుడి ముందు దీపం పెట్టేటప్పుడు ఆయన చెయ్యి బాగుండాలని అనుకుంటాను. తప్పు చేసిన ఊరు దాన్ని దాచుకోకుండా, పరాయిదాన్నయిన నా ముందు ఒప్పుకుంది. గొలుసు పోయిన రోజు నుంచీ నాలో గూడుకట్టుకున్న భయం ఆ ఒప్పుకోలు విన్నాకే కొంచెం కరిగింది. మీలో ఎవరైనా పిల్లల్ని కొత్త ఊరికి ఉద్యోగానికి పంపేముందు చూసి రావడానికి వెళితే, నాలాగా గడియలూ ఊచలూ మాత్రమే చూసి రాకండి. దవాఖాన ఎన్నింటికి తెరుస్తారు, అందులో ఎవరుంటారు అని కూడా కనుక్కోండి. ఆ ఊళ్ళోదైతే ఇప్పుడు పొద్దున తొమ్మిదింటికి తెరుస్తున్నారు, తాళంచెవి మా స్రవంతి దగ్గరుంది.